పొడి గొంగడి

మా నాయిన పౌలు మా గూడెంల ఉపదేశి. పాస్టరుగారు నెలకొక్కసారి సైకిలు మీద వచ్చి పోతే, మిగతా దినాలన్ని ప్రార్థన నడిపేది మా నాయినే. పెండ్లయినా ఆయనే, సావయినా ఆయనే. ఆ యేడు క్రిస్మస్ దగ్గరికొచ్చేసరికి గూడెం ఒకకాడ, ఉపదేశి ఒకకాడ అయిండ్రు.

మా ఊరు నైజాంల ఉండె. మేము మునగాలల ఉంటిమి. చుట్టూ నైజామే అయినా మునగాల పరగణా ఒక్కటి ఇండియా యూనియన్ కింద ఉండె, చెరువు నడుమ తిప్ప లెక్క. దసరా ముంగట రజాకార్లు మా గూడెం మీద పడి, "పౌలు ఏడి?" అని పేరు పెట్టి అడిగిండ్రు. వెట్టికి మనుషుల్ని తోల్కరమ్మంటె తోల్కపోలేదని కోపం. నాయిన పొలంల ఉన్నడు గాబట్టి బతికిండు. ఆ పొద్దే మూటలు గట్టుకొని నాయిన, అమ్మ, నేను మునగాలకొచ్చి, ఊరి బయట తాటాకు గుడిసేసుకున్నం. నాయినమ్మ సువార్తమ్మ మాత్రం రాలె. "నా మోకాళ్ళు యూనియన్ దాంక రావు బిడ్డా. మీరు పోండ్రి" అన్నది.

నేను అంతకుముందు మిషనోళ్ళ చేతిపనుల బడిల ఉంటుంటి. ఊలు వడుకుడు, నేత, రంగులేసుడు, కుట్టుమిషను. అల్లర్లకు బడి మూసి మమ్మల్ని ఇండ్లకు తోలిండ్రు. చదువుకున్న బిడ్డ ఇంట్ల కూసుంటే ఏమైతదో అదే అయింది. ఎవరేమన్నా నేనొక మాట కలపకుండ ఉండకపోతుంటి.

పండుగ ఇంక వారముందనంగ రంగి వచ్చింది. రంగి లంబాడి ఆమె. కట్టెల మోపు నెత్తినపెట్టుకొని రజాకార్లు కావలి కాసే నాకా దాటి వచ్చి మునగాలల అమ్ముకుంటది. నాకా కాడోళ్ళకు గూడ పొయ్యిల కట్టెలు కావాలె గాబట్టి ఆమెను ఆపరు.

"ఓ ఉపదేశీ, మీ అమ్మ ఒక మాట సెప్పమన్నది."

"బాగున్నదా?" అన్నడు నాయిన.

"తింటున్నది, తిడుతున్నది. బాగున్నట్టే."

"ఏం చెప్పమన్నది?"

"పండుగ పొద్దుగాల గంట నువ్వొచ్చి కొడతవా, లేకుంటె నన్నే కొట్టుకోమంటవా అని అడగమన్నది."

మా అమ్మ శాంతమ్మ చాటల బియ్యం ఏరుతుండె. చెయ్యి ఆగింది.

గంటంటె పెద్ద గంటేం కాదు. ప్రార్థన గుడిసె ముంగట యాప కొమ్మకు కట్టిన రైలు పట్టా ముక్క. ఇనుప కడ్డీతోని కొడితె రెండు ఊర్లు ఇనవడ్తది. రజాకార్లు పోయేటప్పుడు దాని మీద చెయ్యేసి చెప్పిపోయిండ్రు, ఇది ఇంకొక్కపారి మోగితే గూడెం కాలవెడతం అని.

"కొడతదా నిజంగ?" అన్న నేను.

"కొడతది" అన్నడు నాయిన. "ఆమె అన్నదంటె అన్నదే."

అమ్మ చాట కిందవెట్టింది. "పోతే నిన్ను సంపుతరు. పోకుంటె ఆమెను సంపుతరు. గిదేం పరేషానయ్యా."

నాయినకు భయమైతున్నదని నాకు తెలుసు. భయమైనప్పుడు పై పంచె కొస మలుస్తుంటడు. మలిచి మలిచి, "దేవుణ్ణి అడుగుదం" అన్నడు.

అడిగేటందుకు ఒక పద్ధతి గూడ దొరికింది ఆయనకు. బైబిలు వాక్యంల ఎన్కట ఒక పెద్దమనిషి ఉంటడు. యుద్ధానికి పోవాల్నా వద్దా అని తేలక, కళ్ళంల గొర్రెబొచ్చు పరిచి, బొచ్చు మీదనే మంచు పడితే పోతనని దేవుని తోని ఒప్పందం చేసుకుంటడు. పడ్డది. అయినా నమ్మకం కుదరక, మర్నాడు భూమి తడవాలె, బొచ్చు తడవొద్దు అంటడు. అట్ల గూడ అయితది. ఇగ పోక తప్పదాయనకు.

మాకాడ గొర్రెబొచ్చు లేదు గని, బీరప్పకాడ గొంగడి ఉన్నది.

బీరప్ప మా ఊరి కురుమాయన. కోతలైనంక రైతులు ఎరువు కోసం పొలాలల్ల మందలు పెట్టించుకుంటరు గద, అట్ల ఆయన మంద మా గుడిసెల పక్క పొలంలనే ఉండె. గొర్రెలకు నైజామేది, యూనియన్ ఏది? మందెనుక ఆయన ఇటూ అటూ తిరుగుతుండె.

"మీ దేవునికి నా గొంగడే దొరికిందా పౌలూ?" అన్నడు, చుట్ట తీసి.

"రెండు పొద్దులియ్యి బీరన్నా. పండుగ ముంగట దేవుని మాట తెలుసుకోవాలె."

"ఏం పండుగ?"

"యేసయ్య పుట్టిన పండుగ. ఆయన పుట్టినప్పుడు దేవదూత ముందుగాల గొల్లలకే వచ్చి చెప్పింది."

బీరప్ప చుట్ట నోట్లె పెట్టుకోబోయి ఆగిండు. "గొల్లోళ్ళకెందుకు జెప్పింది? కురుమోళ్ళు లేకనా?"

నాకు నవ్వొచ్చింది.

"మామా, మేము ముట్టుకుంటె మీ ఇంట్ల ఏమనరా?" అన్న నేను.

"గొర్రెల నడుమ పండుకునేటోనికి అంటేంది, ముట్టేంది కోడలా. తీస్కపోండ్రి. సలికి నేను సస్తె మాత్రం మీ దేవుణ్ణే అడుగుత."

ఆ మాపు నాయిన కోసిన మడి నడుమ గొంగడి పరిచి, మోకాళ్ళూని ప్రార్థన చేసిండు. పొద్దుగాల పోయి సూస్తె గొంగడి నీళ్ళల్ల ముంచి తీసినట్టున్నది. నాయిన పిండుతుంటే చెంబు నిండింది. ఆయన మొఖంల రక్తం లేదు.

"నాయినా, అది ఊలు" అన్న నేను. "ఊలుకు నీళ్ళు తాగే గుణం. బడిల తడి గాలికి పెట్టిన ఊలుండ గూడ బరువెక్కుతుండె. ఇది సూచన కాదు. గొంగడి చేసే పనే."

"నోర్మూసుకోవే" అన్నది అమ్మ. కని నా మాటకు అమ్మ మొఖం జర తేటవడ్డది.

"అందుకే రెండోపారి అడుగుడు" అన్నడు నాయిన. "రేపు నేల తడవాలె. గొంగడి పొడిగుండాలె."

అట్ల అయ్యేది కాదని ముగ్గురికీ తెలుసు. చలికాలం మంచుల బయటేసిన ఊలు పొడిగ ఎట్లుంటది? అంటే నాయిన పోడు. దేవుడు వద్దన్నడు అని నాయినమ్మకు రంగితోని చెప్పి పంపుతడు. ముసలామె వింటదో వినదో ఆమె ఇష్టం. నేనూ గదే కోరుకున్న. మా నాయిన బతికుండాలని కోరుకునుడు తప్పెట్లయితది?

రెండో పొద్దు నేనే ముందు లేసిన. గట్ల మీద గడ్డి అంత మంచుతోని తెల్లగున్నది. కోసిన వరి కొయ్యకాళ్ళు కాళ్ళకు సల్లగ తగులుతున్నయి. మడి నడుమ గొంగడి, మేము ఏడ పరిచినమో ఆడ్నే, నాలుగు మూలలు సరిగ్గ ఉన్నది. నాయిన నా ఎనుకనే వచ్చి వంగి చెయ్యి పెట్టిండు. అట్లనే మోకాళ్ళ మీద కూసున్నడు.

నేను గూడ చెయ్యి పెట్టిన. పొడిగున్నది. పొడిగనే కాదు, ఎచ్చగున్నది. చుట్ట వాసనొస్తున్నది.

తలెత్తి సూసిన. మందకాడ బీరప్ప అటు తిరిగి, ఏ గొర్రెనో చాలా శ్రద్ధగ చూస్తున్నడు.

పోయి ఆయన ముంగట నిలవడ్డ. "మామా, గొంగడి రాత్రి ఏడుండె?"

"ఏడుంటది? మడిల."

"ఎవరి మీద?"

ఆయన దగ్గిండు. దగ్గు లోపలినుంచి వచ్చింది. "మొన్నంత నెగడుకాడ కూసోని తెల్లార్చిన బిడ్డా. నిన్న నాతోని కాలె. తీస్కొని కప్పుకున్న. కోడి కూయంగనే ఎట్లుండెనో అట్లనే పరిచిన. ముడత గూడ మారలె సూడు." జర ఆగి, "మీ ఒప్పందం ఏందో నాకేమెరుక? పొడిగుంటె మంచిదే అనుకున్న" అన్నడు.

తిరిగి గుడిసెకు వచ్చేసరికి నాయిన మూట గడుతున్నడు. అమ్మ గుంజకు ఆనుకోని కూసున్నది. ఏడుస్తలేదు గని, ఏడుపు అయిపోయినంక ఉండే మొఖమది.

చెప్పాల్నా వద్దా అని నేను ఎక్కువసేపు ఆలోచించలె. "నాయినా, గొంగడి బీరప్ప మామ కప్పుకున్నడట. తెల్లారంగ తెచ్చి పరిచిండట. అది దేవుడు చేసింది కాదు."

అమ్మ నిటారుగ కూసున్నది. నాయిన మూట ముడి బిగించిండు.

"తెలుసు" అన్నడు.

"తెలుసా?"

"నేను గూడ ముట్టిన గద."

"తెల్సి పోతవా?"

"దేవుణ్ణి పొడి గొంగడి అడిగిన. ఎట్ల పొడిగుంచాల్నో నేను చెప్పలె గద."

నాకు కోపమొచ్చింది. "ఇట్లయితె దేన్నయినా సూచన అనొచ్చు."

నాయిన మూట పక్కన పెట్టిండు. నా తోని గట్టిగ వాదిస్తడనుకున్న. "నీకొక మాట చెప్త, మీ అమ్మ గూడ ఇనాలె" అన్నడు. "రాత్రి నేను పొడిగుండాలని ప్రార్థన చెయ్యలె. తడవాలె, తడవాలె అని చేసిన. పొద్దుగాల చెయ్యి పెడితె ఎచ్చగ తగిలింది. మనిషి పండుకొని లేసిన ఎచ్చ. చిన్నప్పుడు అమ్మ లేసిపోతె ఆమె జాగల పొర్లి పండుకునేటోన్ని, గదే ఎచ్చ." పై పంచె కొస వేళ్ళకు చుట్టుకున్నడు. "దాని తర్వాత ఇగ నేను ఉండలేను రాహేలూ."

అమ్మ లేసి పొయ్యి ముట్టిచ్చింది.

బీరప్పకు విషయమంత చెప్తే తల పట్టుకున్నడు. "నా సలి వల్ల నువ్వు సస్తె ఆ పాపం నాకెందుకయ్యా? నడువు, మంద తోలుకొనే పోదం. గొర్రెల నడుమ నిన్నెవడు సూస్తడు?" మందకు ముగ్గురు మనుషులుంటేనే మంచిదని నన్ను గూడ రమ్మన్నడు. వద్దంటదనుకున్న అమ్మ నా కొంగు సవరించి, "నాయిన మాట్లాడితె నువ్వు మధ్యల మాట్లాడకు" అని ఒక్కటే చెప్పింది.

నాయిన నెత్తి మీద బీరప్ప తన గొంగడిని కురుమోళ్ళ లెక్క కొప్పెర మడిచి పెట్టిండు. అది జారుతుంటది, నాయిన సర్దుతుంటడు. పుట్టంగనే కురుమోడైతే అట్ల సర్దుకోడు. నాకా కాడ రజాకారు ఒకడు అదే చూసిండు.

"ఏ, ఇదర్ ఆవ్. వీడెవడు?"

"మా తమ్ముడు సాబ్" అన్నడు బీరప్ప.

"ఈ పోరి?"

"తమ్ముని బిడ్డ."

వాడు నాయిన చుట్టూ ఒకసారి తిరిగిండు. "గొర్రెను పిలువు. సూస్త."

గొర్రెలకు తన కాపరి గొంతు తెలుస్తదని మా నాయిన ఎన్నిసార్లు ప్రసంగం చేసిండో లెక్క లేదు. నిజమే, తెలుస్తది. నాయిన గొంతు సవరించుకొని, ఆదివారం గుడిసె బయట నిలవడి మనుషుల్ని పిలిచినట్టే, "రండమ్మా, రండి" అన్నడు. ఒక్క గొర్రె తల ఎత్తలె.

రజాకారు తుపాకి భుజం మార్చిండు.

"మా వోనికి నాలుగొద్దుల నుంచి జరం సాబ్, గొంతు ఎల్తలేదు" అనుకుంట బీరప్ప ముందరికి వచ్చి, పెదవుల మధ్య నుంచి 'ట్ర్ర్ర్' అని చిన్న సప్పుడు చేసిండు. మందంత వచ్చి నాయిన కాళ్ళ చుట్టూ మూగింది. నాయిన ఒక గొర్రె నెత్తి మీద చెయ్యి పెట్టిండు. గొర్రె కదలకుండ నిలవడ్డది.

వాడు ఒక పొట్టేలును ఏరుకొని మమ్మల్ని పోనిచ్చిండు. చాలా దూరం పోయినంక బీరప్ప అన్నడు, "మీ పండుగ కానుకలల్ల నాదే ముందు పడ్డది పౌలూ."

పండుగ ముందు నాటి మాపు, పొద్దు వాలంగ గూడెం చేరినం. నాయినమ్మ గుడిసె ముంగట కూసోని కందులు ఒలుస్తున్నది.

"వచ్చినవా?" అన్నది కొడుకును చూసి. వచ్చేటోడే వచ్చినట్టు.

"వచ్చిన. లెవ్వమ్మా, పోదం. నేను, బీరన్న వంతులేసుకొని మోస్తం."

"ఏడికి?"

"మునగాలకు. నువ్వు గంట కొట్టొద్దు."

"ఏం గంట? ఎత్తుకపోతరని దసరా నాడే తీసి బాయిల ఏసినం."

నాయిన ఉన్నకాడ్నే కూలబడ్డడు. "మరి రంగితోని చెప్పి పంపింది?"

"బాగున్న, రా కొడుకా అని చెప్పి పంపితె వస్తుంటివా? దేవుణ్ణి అడుక్కుంట కూసుంటవు. నీ సంగతి నాకు తెల్వదా? నేనే గన్న."

బీరప్ప పక్కకు తిరిగి నవ్విండు. నాయిన నవ్వలె, కోపం గూడ చెయ్యలె. నాయినమ్మ చేతులు దులుపుకున్నది.

"మన గూడెం కొమురయ్య పసిబిడ్డ జరమొచ్చి సచ్చిపోయింది పౌలూ. ప్రార్థన జేసేటోడు లేకుంటె నేనే వచ్చిన రెండు ముక్కలు చెప్పి మట్టేయించిన. కొమురయ్య ఆ పొద్దు నుంచి నోరు తెరుస్తలేడు. పెండ్లాం అన్నం ముడుతలేదు. నేనేడికీ రాను. నువ్వు ఆళ్ళింటికి పో."

నాయిన నీళ్ళు గూడ తాగకుండ పోయిండు. నేను ఎనుక పోయి గడప బయట నిలవడ్డ. లోపల ఇద్దరు మొగోళ్ళు గోడకు ఆనుకోని పక్కపక్కన కూసున్నరు. పొద్దు గూకి చీకటి పడ్డంక, ఒక గొంతు మెల్లగ మొదలైంది. అది కొమురయ్యది.

క్రిస్మస్ పొద్దుగాల ప్రార్థన గుడిసెల అందరం కూడినం. గంట లేదు, కంజిర లేదు. పాట గుసగుసగ పాడినం. చప్పట్లు కొట్టే జాగల చేతులు కలిపి చప్పుడు రాకుండ విడిచినం. పిల్లలకు అది ఆటయింది. మాకంటె తక్కువ గొంతుతోని పాడాలని పోటీ పడ్డరు. బయట బీరప్ప మందను గుడిసె చుట్టూ తిప్పుతుండె, లోపలి అలికిడి గొర్రెల అలికిడిల కలిసిపోయేటట్టు.

నాయిన వాక్యం చిన్నగ చెప్పిండు. "గొల్లలకు దూత ఒక గుర్తు చెప్పింది. ఏందది? గుడ్డలల్ల సుట్టిన పసిగుడ్డ. ఏ ఇంటికి పోయినా ఉంటది. మొన్నటిదాంక మన కొమురయ్య ఇంట్ల గూడ ఉండె." అక్కడ ఆగిండు. కొమురయ్య తల వంచుకున్నడు. "అది దేవుడిచ్చిన గుర్తని ఆళ్ళకెట్ల తెల్సిందో నాకు ఇన్నేండ్లు సమజ్ కాలె. నేనైతే ఇంకొక గుర్తు అడుగుతుంటి. ఆళ్ళు పోయిండ్రు. పోయినంక తెల్సింది. పోకముందు కాదు."

అంతే. ఇగ వాక్యం అయిపోయింది. గడప కాడ బీరప్ప దగ్గిండు, గొల్లోళ్ళ పేరు మల్ల వచ్చినందుకో, చలికో.

మర్నాడు మంద కదిలే వేళకు నాయిన నా తోని వచ్చేటట్టు కనపడలె. కొమురయ్య ఇంటి కప్పు మీద తాటాకు సర్దుతున్నడు.

"అమ్మకేం చెప్పాలె?" అన్న.

"ఉన్నడు అని చెప్పు."

సర్కారు మారేదాంక ఆయన ఆడ్నే ఉన్నడు. రెండుసార్లు దొరికిండు, రెండుసార్లు దెబ్బలు తిన్నడు. ఎడమ చెవి వినరాదిప్పుడు. ప్రార్థనల అందరికంటె ఒక చరణం ఎనుక పాడుతడు, మేం ఆగుతం. ఆ దినం దూలం మీద కూసున్న ఆయనకు ఇవేవీ తెల్వయి. నాకూ తెల్వయి. తెలిసుంటె కాళ్ళు పట్టి గుంజుతుంటి.

మునగాల చేరేసరికి అమ్మ గట్టు మీదనే నిలవడి ఉన్నది. మందంత ఆమె ముంగట నుంచి పోయింది. చివరి గొర్రె పోయినంక గూడ దారి ఎంబడి చూస్తనే ఉన్నది.

"రాలేదా?"

"ఉన్నడు" అన్న.

గుడిసెకు వచ్చినంక అంత చెప్పిన. నాకా సంగతి, బాయిల ఏసిన పట్టా ముక్క సంగతి, సప్పుడు లేని చప్పట్ల సంగతి. గంట కాడికి వచ్చినప్పుడు "ముసల్ది" అన్నది అమ్మ, తిట్టినట్టు కాదు. ఎవరు దెబ్బలు తిన్నరు, ఎంతమంది తుపాకులోళ్ళున్నరు అని అడుగుతదనుకున్న.

"కొమురయ్య పెండ్లాం ఏమన్న తింటున్నదా?" అన్నది.

"తింటలేదట."

అమ్మ లేసి, మూలకున్న బియ్యమంత తువ్వాలల పోసి మూట గట్టింది. చాట దులిపి గోడకు ఆనిచ్చింది. గిన్నెలు ఒకదాంట్ల ఒకటి పెట్టింది.

"బీరప్ప మల్ల ఎప్పుడు పోతడట?"

"ఇప్పుడే గదమ్మా వచ్చింది. రైతు ఒప్పుకోవాలె గద."

"పోయి అడుగు."

నాకు తెలిసిన అడ్డాలన్ని నోటిదాంక వచ్చినయి. నాకా, తుపాకి, నాయిన పిలిస్తె రాని గొర్రెలు. పోతే సంపుతరని నాయినతోని అన్నది నువ్వే గద అని గూడ అనొచ్చు. అమ్మ అప్పటికే గుడిసె తడక తాళ్ళు విప్పుతున్నది.

గిన్నెలల్ల ఉప్పు కనపడలె. ఉట్టి మీద నుంచి ఉప్పు కుండ దించి, ఒక గుడ్డల పోసి ముడేసి, బియ్యం మూట పక్కన పెట్టి, బీరప్పను అడగడానికి పోయిన.